17 రోజుల ఆలస్యం

2019 జనవరి 15న దిల్లీ ఓపెన్ టోర్నీలో దొమ్మరాజు గుకేశ్ అనే చెన్నై కుర్రాడు గ్రాండ్‌మాస్టర్ హోదాకు కావలసిన చివరి నార్మ్ అందుకున్నాడు. అప్పటికి అతని వయసు 12 ఏళ్ల 7 నెలల 17 రోజులు. సెర్గీ కర్యాకిన్ 2002లో సరిగ్గా 12 ఏళ్ల 7 నెలలకే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. ప్రపంచంలోకెల్లా పిన్న గ్రాండ్‌మాస్టర్ అనిపించుకునే అవకాశం గుకేశ్‌కి 17 రోజుల తేడాతో తప్పిపోయింది.

ఆ 17 రోజుల సంగతి ఇప్పుడు ఎవరికీ పట్టదు. ఆరేళ్లు తిరక్కుండానే, 2024 డిసెంబరు 12న, సింగపూర్‌లో అప్పటి చాంపియన్ డింగ్ లిరెన్‌ని 7.5–6.5 తేడాతో ఓడించి గుకేశ్ 18 ఏళ్లకే ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అందరూ ఒప్పుకున్న ప్రపంచ చాంపియన్లలో అంతకుముందు చిన్నవాడు గ్యారీ కాస్పరోవ్. 1985లో గెలిచేనాటికి ఆయనకు 22 ఏళ్లు. పిన్న గ్రాండ్‌మాస్టర్ రికార్డు గుకేశ్‌కి దక్కకుండా చేసిన కర్యాకిన్ 2016లో ప్రపంచ చాంపియన్‌షిప్ పోరు దాకా వెళ్లి మాగ్నస్ కార్ల్‌సన్ చేతిలో ఓడిపోయాడు.

త్వరగా పైకి రావాలంటే ఏం చేయాలని అడిగేవాళ్లు మొదటి మెట్టు ఎంత తొందరగా ఎక్కారన్నది చూస్తారు. చూడాల్సింది వేరే ఉంది. ఒక మనిషి తప్పు చేసిన క్షణానికీ, అది తప్పని తనంతట తాను గ్రహించిన క్షణానికీ మధ్య ఎంత కాలం పట్టింది? ఆ దూరం ఎవరికి తగ్గుతూ వస్తుందో వాళ్లే చివరికి ముందుంటారు. ఈ మాటకు చదరంగం కన్నా మంచి సాక్ష్యం దొరకదు. ఎందుకంటే అక్కడ ప్రతి ఎత్తూ ఆటగాడి చేతిరాతతో స్కోర్ షీట్ మీద నమోదవుతుంది. ఆట ముగిశాక నేను అలా ఆడలేదని బుకాయించడానికి వీలుండదు.

గుకేశ్‌కి 2017 నుంచి ఆట నేర్పిన గ్రాండ్‌మాస్టర్ విష్ణు ప్రసన్న పెట్టిన నియమం ఆ రోజుల్లో చాలామందికి మింగుడుపడలేదు. చెస్ ఇంజిన్, అంటే ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం, ముట్టుకోకూడదు, అంతే. గ్రాండ్‌మాస్టర్ అయ్యేవరకూ, ఆ పైన కొంతకాలం కూడా, గుకేశ్ ఇంజిన్ సాయం లేకుండానే నేర్చుకున్నాడు. ఇది ఎంత సాహసమో తెలియాలంటే ఇప్పటి పిల్లలు ఎలా నేర్చుకుంటున్నారో చూడాలి. స్టాక్‌ఫిష్ లాంటి ఉచిత ఇంజిన్ ఫోన్‌లోనే ఉంటుంది. ప్రపంచ చాంపియన్‌ని కూడా అలవోకగా ఓడిస్తుంది. ఆడిన ఆటలోని ఎత్తులన్నీ అందులో వేస్తే తెర పక్కన ఎవరిది పైచేయో చూపే ఒక నిలువు పట్టీ కనిపిస్తుంది. ఒక్కో ఎత్తుకీ అందులో తెలుపు పెరుగుతుంది, నలుపు పెరుగుతుంది. ఇరవై మూడో ఎత్తు దగ్గర పట్టీ ఒక్కసారి జారిపోతే, తప్పు అక్కడే జరిగిందన్నమాట. సరైన ఎత్తు ఏదో బాణం గుర్తుతో సహా చూపిస్తుంది. చూసిన పిల్లాడు ఓహో అనుకుంటాడు, తర్వాతి ఆటకు వెళ్లిపోతాడు.

గైడు చూసి లెక్క చేసిన పిల్లాడికీ ఇంతే జరుగుతుంది. పేజీ తెరిచి ఉన్నంతసేపూ అన్నీ తెలిసినట్టే ఉంటుంది, పరీక్ష హాల్లో చెయ్యి ఆడదు. ఇంజిన్ సరైన ఎత్తు చెబుతుంది. ఆ ఎత్తు తనకెందుకు తట్టలేదో, ఆ క్షణంలో తను దేనికి భయపడ్డాడో, ఏ పావు మీద అనవసరంగా మనసు పెట్టాడో అది చెప్పలేదు. అవి ఆటగాడు ఒంటరిగా కూర్చుని తవ్వి తీసుకోవలసినవి. గంట పట్టవచ్చు, ఒక పూట పట్టవచ్చు. పైకి చూస్తే ఇది నత్తనడక. కానీ బోర్డు ముందు గడియారం నడుస్తుండగా కొత్త చిక్కు ఎదురైనప్పుడు అక్కరకొచ్చేది ఆ తవ్వకమే. విష్ణు ప్రసన్న తెలిసి తెలిసి శిష్యుడిని నెమ్మదిగా నడిపించాడు. శిష్యుడు 18 ఏళ్లకే చాంపియన్ అయ్యాడు. ఈ రెండూ కలిసి జరగడంలో కాకతాళీయం ఏమీ లేదు.

ఇది కొత్త పద్ధతేమీ కాదు. సోవియట్ చెస్‌కు పెద్దదిక్కుగా నిలిచిన మిహాయిల్ బోత్విన్నిక్ వృత్తిరీత్యా ఎలక్ట్రికల్ ఇంజనీరు. ఆటగాడు తన ఆటలను తానే విశ్లేషించి అచ్చు వేయించాలని, అప్పుడే నలుగురూ అందులో తప్పులు పడతారని ఆయన గట్టిగా నమ్మాడు. 1957లో స్మిస్లోవ్ ఆయన ప్రపంచ చాంపియన్ కిరీటం లాక్కున్నాడు. మరుసటి ఏడే బోత్విన్నిక్ తిరిగి గెలిచాడు. 1960లో 23 ఏళ్ల మిహాయిల్ తాల్ చేతిలో చిత్తుగా ఓడాడు. 1961లో, ఏభైకి ఒక్క ఏడు తక్కువ వయసులో, ఆ తాల్‌నే ఓడించాడు. ఓడిన చాంపియన్ మళ్లీ పోటీపడే హక్కు అప్పటి నిబంధనల్లో ఉండేది, నిజమే. హక్కు ఉన్నంత మాత్రాన గెలుపు రాదు. ఓడిన ఆటలు ముందేసుకుని ఏడాది కూర్చున్న మనిషి గెలిచాడు.

గుకేశ్ జీవితంలో అలాంటి మలుపు 2024 ఏప్రిల్‌లో టొరంటోలో వచ్చింది. ప్రపంచ చాంపియన్‌కి ప్రత్యర్థిని తేల్చే క్యాండిడేట్స్ టోర్నీ అది. ఏడో రౌండ్‌లో అలిరెజా ఫిరూజా చేతిలో, సమయం ఒత్తిడిలో పడి, ఓడిపోయాడు. పదిహేడేళ్ల పిల్లాడు కుంగిపోవలసిన సందర్భం. మర్నాడు విశ్రాంతి దినం. ఆ ఓటమి తర్వాతే ఈ టోర్నీ తనది కావచ్చని గట్టిగా అనిపించిందని అతను తర్వాత చెప్పుకొచ్చాడు. ఎనిమిదో రౌండ్‌లో విదిత్ గుజరాతీని ఓడించి, 14 ఆటల్లో 9 పాయింట్లతో టోర్నీ గెలిచాడు.

సింగపూర్ ఆఖరి ఆటలో ఇంకో విషయం అందరి కంటా పడింది. డ్రా వైపు సాగుతున్న పద్నాలుగో గేమ్‌లో 55వ ఎత్తు దగ్గర డింగ్ తన ఏనుగును పొరపాటు గడిలోకి జరిపాడు. మూడు ఎత్తుల తర్వాత చేయి చాచి ఓటమి ఒప్పుకున్నాడు. గుకేశ్ ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. ఏడుస్తూనే పావులన్నీ ఒక్కొక్కటిగా తీసి మొదటి గడుల్లో పేర్చాడు. రాజు, మంత్రి, శకటు, గుర్రం, ఏనుగు, ముందు వరసలో బంట్లు. తలెత్తి లోకాన్ని చూసింది ఆ తర్వాతే. గెలిచినా ఓడినా బోర్డు సర్ది లేవడం అతని అలవాటు. ఆటకు ముందు కళ్లు మూసుకుని కాసేపు కూర్చోవడం మరో అలవాటు. ఇలాంటివి ఆటను గెలిపిస్తాయని కాదు. మనసు పట్టు తప్పే గడియలో చేతికి ఒక పని దొరుకుతుంది.

అలవాటు కుదురుకోవడానికి 21 రోజులు చాలన్న మాట ఊరూరా వినిపిస్తుంది. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనిస్తే సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు, కొందరికి 254 రోజులు అని లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టమేమీ కనిపించలేదు. ఇరవై రెండో రోజున చేతులెత్తేసేవాళ్లకు ఈ ఒక్క ముక్క ఎవరైనా చెప్పాలి.

గెలిచినట్టు ఊహించుకో, గెలుస్తావు అనే బోధ మరొకటి. 1999లో అచ్చయిన ఒక ప్రయోగంలో లియెన్ ఫామ్, షెల్లీ టేలర్ అనే పరిశోధకులు విద్యార్థుల్లో కొందరిని మంచి మార్కులు వచ్చినట్టు ఊహించుకోమన్నారు. మరికొందరిని పుస్తకం ముందు కూర్చుని చదువుతున్నట్టు ఊహించుకోమన్నారు. చదవడాన్ని ఊహించుకున్నవాళ్లే ఎక్కువసేపు చదివారు, మార్కులూ వాళ్లకే ఎక్కువ వచ్చాయి.

పద్ధతి తెలిస్తే అందరూ ఒకే వేగంతో ఎదుగుతారా? ఎదగరు. ఫెర్నాండ్ గోబే, గియెర్మో కాంపితెల్లీ అర్జెంటీనా ఆటగాళ్లను పరిశీలిస్తే ఒకరు సుమారు 3 వేల గంటల సాధనతో మాస్టర్ స్థాయికి చేరారు, ఇంకొకరికి 23 వేల గంటలకు పైగా పట్టింది. పదివేల గంటల సూత్రం పట్టుకుని పిల్లల్ని తోలే పెద్దలు ఈ తేడా దగ్గర ఆగి ఆలోచించాలి. గుకేశ్ ఇంటి సంగతీ చెప్పుకోవాలి. తండ్రి రజనీకాంత్ ఈఎన్‌టీ సర్జన్. కొడుకు వెంట టోర్నీలకు తిరగడానికి ప్రాక్టీసు పక్కన పెట్టేశారు. ఇల్లు తల్లి సంపాదన మీద నడిచింది. పిల్లాడు నాలుగో తరగతి తర్వాత రోజూ బడికి వెళ్లడం మానేశాడు. ఇది ప్రతి ఇంటికీ సిఫారసు చేయదగ్గ దారి కాదు.

గుడివాడలో పుట్టిన కోనేరు హంపి కథలో వేగానికి రెండు ముఖాలూ కనిపిస్తాయి. తండ్రి అశోక్ ఉద్యోగం మానుకుని ఆమెకు శిక్షకుడయ్యారు. 2002లో 15 ఏళ్ల వయసుకే గ్రాండ్‌మాస్టర్ అయి, జుడిత్ పోల్గార్ పేరిట ఉన్న మహిళల రికార్డును బద్దలు కొట్టింది. ఆ తర్వాత పాప పుట్టింది. రెండేళ్లు ఆటకు దూరంగా ఉండి వచ్చి 2019లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయింది. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో అదే టోర్నీలో మొదటి రౌండే ఓడిపోయింది. ఆ ఓటమితో మొదలైన టోర్నీని 11 ఆటల్లో 8.5 పాయింట్లతో ముగించి, 37 ఏళ్ల వయసులో రెండోసారి ఆ టైటిల్ గెలిచింది.

చదరంగం ఆడనివాళ్లూ ఇందులో ఒక పని రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు. మాక్ టెస్టు రాసి ఇంటికొచ్చిన అమ్మాయి కీ పేపర్ తెరవకముందు ఒక కాగితం తీసుకోవాలి. అనుమానంగా జవాబిచ్చిన ప్రశ్నల నంబర్లు, వాటి పక్కన అప్పుడు ఏమనుకుని ఆ జవాబు పెట్టిందో రెండు మాటల్లో రాసుకోవాలి. ఆ తర్వాతే కీ చూడాలి. తప్పయిన చోట సరైన జవాబుతో పాటు, తన ఆలోచన ఏ మలుపులో పక్కదారి పట్టిందో కూడా రాయాలి. వచ్చే వారం పరీక్షకు కూర్చునే ముందు ఆ కాగితమే చదువుకోవాలి.