నాలుగు బై పద్నాలుగు

మంగళవారం మధ్యాహ్నం పోయిన కరెంటు నలభై నిమిషాలకి వచ్చింది. ఫ్యాన్లు తిరిగాయి, ఫ్రిజ్జు మొదలైంది, హాల్లో ఫైబరు పెట్టె మీద పచ్చ దీపాలు వెలిగాయి. ప్రింటరు ఒక్కటే పలకలేదు. ఎదురింటి కుర్రాడు హాల్‌టికెట్ తీయించుకుందామని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మర్నాడు పొద్దున్నే పరీక్ష. కంప్యూటరేమో ప్రింటరు ఆఫ్‌లైన్‌లో ఉందంటుంది, ప్రింటరేమో వైఫై గుర్తు చూపిస్తూ నిక్షేపంలా ఉంది. కనెక్షన్ ఇచ్చినవాళ్ళకి ఫోన్ చేస్తే, "రౌటరు ఒకసారి ఆపి ఆన్ చేయండి సార్" అన్నారు.

ఈ మాట మీద నాకున్న కోపం ఈ కాలమ్ చదివేవాళ్ళకి కొత్త కాదు. మోటారు గురించి రాసినప్పుడూ, లిఫ్టు గురించి రాసినప్పుడూ ఇదే మొర పెట్టుకున్నాను. ఆపి మళ్ళీ వేస్తే జబ్బు తగ్గొచ్చు గానీ, జబ్బేమిటో తెలియదు. తెలియని జబ్బు మళ్ళీ వస్తుంది, అదీ ఎవరి పరీక్షకో ముందురోజే వస్తుంది. కుర్రాణ్ణి సందు చివర జిరాక్సు షాపుకి పంపి, నేను రౌటరు లోపలికి వెళ్ళాను.

లోపలికి వెళ్ళడమంటే పెద్ద విద్యేం కాదు. బ్రౌజరులో 192.168.1.1 అని కొడితే మా రౌటరు పేజీ తెరుచుకుంటుంది. మొదటి పాస్‌వర్డ్ పెట్టె అడుగున చీటీ మీద ఉంటుంది. దాన్ని మార్చకుండా వదిలేయడం తాళంచెవి తలుపుకే ఉంచి ఊరెళ్ళడమని లోగడ రాశాను, మళ్ళీ రాస్తున్నాను. ఆ పేజీలో ఇంట్లో ఏ పరికరానికి ఏ అంకె ఇచ్చిందో ఒక పట్టీ ఉంటుంది. మా అమ్మాయి ఫోన్ ఎదురుగా 192.168.1.5 అని ఉంది. ప్రింటరు తెర మీద నొక్కుకుంటూ వెళ్తే అక్కడా అదే, 192.168.1.5. కంప్యూటరు పంపిన హాల్‌టికెట్టు అమ్మాయి ఫోన్ గుమ్మం ముందు నిలబడి తిరిగొస్తోంది.

జరిగిందేమిటంటే, ఇంట్లో ఫోన్లకీ టీవీకీ అంకెలు పంచేది రౌటరే. ఆ పంపకం పేరు డీహెచ్‌సీపీ. పంచిన అంకె సొంతం కాదు, అద్దెకి. మా రౌటరులో గడువు 24 గంటలు. సగం గడువు గడిచేసరికి పరికరమే వచ్చి, ఇంకొన్నాళ్ళు ఉండనివ్వమని అడుగుతుంది, రౌటరు సరే అంటుంది. ప్రింటరు మాత్రం ఈ పద్ధతిలో లేదు. మూడేళ్ళ క్రితం దాన్ని బిగించిన కుర్రాడు 5 అనే అంకెని దాని మెనూలోనే చేత్తో వేసి వెళ్ళాడు. అప్పటి రౌటరు 100 నుంచి పంచేది కాబట్టి గొడవ రాలేదు. పోయిన నెల పెట్టె మార్చారు, కొత్తది 2 నుంచే పంచుతుంది. అయినా అంకె ఇచ్చేముందు, అందులో ఎవరైనా ఉన్నారా అని ఒక కేకేసి చూస్తుంది. ఇన్నాళ్ళూ ప్రింటరు "ఉన్నాను" అని పలికేది. మంగళవారం కరెంటొచ్చేసరికి ప్రింటరు స్విచ్చి కట్టేసి ఉంది, రౌటరేమో కరెంటు పోవడంతో తన పట్టీ మరిచిపోయింది. కేకకి జవాబు రాలేదు, 5 అమ్మాయి ఫోనుకి వెళ్ళిపోయింది.

కారణం దొరికింది గనక మనసు కుదుటపడాలి. నాకు కోపం పెరిగింది. ఇంట్లో ఉన్న వస్తువుకి నిలకడైన అంకె లేకపోవడమేమిటి? పూటకో గుమ్మం మారడమేమిటి? ఈ కోపం రౌటరుతో మొదలైంది కాదు. దాని మూలం గుంటూరు బ్రాడీపేటలో ఉంది.

బ్రాడీపేట తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. అక్కడ వీధులకి పేర్లతో పని లేదు. లైన్లు ఒక దిక్కుగా సాగుతాయి, వాటిని అడ్డరోడ్లు కోస్తాయి. "నాలుగు బై పద్నాలుగు" అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. రిక్షా అతనికి ఆ రెండంకెలు చెబితే చాలు, ఇంకో మాట అడిగేవాడు కాదు. పక్కనున్న అరండల్‌పేటలోనూ ఇదే లెక్క. చాలా ఏళ్ళ తర్వాత 255.255.255.0 అనే సబ్‌నెట్ మాస్క్ అర్థం చేసుకోవడానికి పుస్తకం పట్టుకుని తంటాలు పడుతుంటే, ఇది మా బ్రాడీపేటే కదా అనిపించింది. 192.168.1 వరకు లైను, చివరి అంకె ఇల్లు. లైను ఒకటే అయితే నేరుగా వెళ్ళి తలుపు తట్టొచ్చు. లైను మారితే నాలుగురోడ్ల కూడలి దాటాలి, ఆ కూడలే రౌటరు. 0, 255 అనే రెండంకెలు ఊరుమ్మడివి, ఎవరికీ ఇవ్వరు. లైనుకి 254 ఇళ్ళు మిగులుతాయి.

చిన్నప్పుడు మేముండేది ఆ బ్రాడీపేటలోనే, ఒక ఇంటి వెనక వాటాలో. మొత్తం ఐదు వాటాలు, గేటు ఒకటే, డోర్ నంబరు ఒకటే. వచ్చే ఉత్తరాలన్నిటి మీదా ఇంటాయన పేరున కేరాఫ్ ఉండేది. పోస్ట్‌మాన్ గేటు దాకే, లోపల ఎవరెక్కడున్నారో అతనికి అక్కర్లేదు. ఇంటాయన తల్లిని మేమంతా మామ్మగారనేవాళ్ళం. ఆవిడ అరుగు మీద కూర్చుని ఉత్తరాలు అందుకుని, చెవి వెనక పెట్టుకున్న పెన్సిల్ తీసి కవరు మూలన "ముం", "వె", "మే" అని రాసేది. ముందు వాటా, వెనక వాటా, మేడ. ఎవరు ఏ ఊరికి ఉత్తరం రాశారో ఆవిడకి గుర్తుండేది. కాబట్టి జవాబు మీద పేరు సరిగా లేకపోయినా, "ఇది తెనాలి నుంచొచ్చింది, వెనక వాటా వాళ్ళదే" అని మాకే ఇచ్చేది. ఇక్కణ్ణుంచి ఎవరూ రాయని చోటు నుంచి, పేరూ ఊరూ తెలియని కార్డు వస్తే పోస్ట్‌మాన్‌కి తిప్పి ఇచ్చేసేది.

రౌటరు చేసే నాట్ అనే పని సరిగ్గా ఇదే. లోపలివాళ్ళ అంకెలు బయటి ప్రపంచానికి తెలియవు, బయటికి కనిపించేది గేటు నంబరొక్కటే. లోపల్నుంచి ఎవరు ఎవరిని పలకరించారో పట్టీలో రాసుకుని, వచ్చిన జవాబుని ఆ వాటాకి అందిస్తుంది. పిలవకుండా వచ్చినదాన్ని గుమ్మం తొక్కనివ్వదు. ఇది ఎందుకు అవసరమైందంటే, 32 బిట్ల చిరునామాలు లెక్కకి 429 కోట్లే. ప్రపంచంలోని పరికరాలకి అవెక్కడ చాలుతాయి? 1996 ఫిబ్రవరిలో ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే పత్రం మూడు గుంపుల్ని ఇళ్ళకీ ఆఫీసులకీ వదిలేసింది: 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా, 192.168తో మొదలయ్యేవి. అందుకే మా ఇంట్లోనూ 192.168.1.5 ఉంటుంది, మీ ఇంట్లోనూ ఉంటుంది, తగాదా రాదు. ప్రతి ఇంట్లోనూ వెనక వాటా ఉన్నట్టే. అయినా సరిపోలేదు. 2011 ఫిబ్రవరి 3న, చిరునామాలు పంచే ఐఏఎన్‌ఏ అనే సంస్థ దగ్గర మిగిలిన చివరి ఐదు పెద్ద మళ్ళూ పంచేయడం అయిపోయింది. ఇప్పుడు చాలా కనెక్షన్లలో గేటు నంబరు కూడా మనది కాదు. మీ రౌటరు స్టేటస్ పేజీలో వ్యాన్ అడ్రసు, అంటే బయటివైపు అడ్రసు, 100.64కీ 100.127కీ మధ్య మొదలైతే, కనెక్షన్ ఇచ్చిన కంపెనీ కూడా పైన ఇంకో మామ్మగారిని కూర్చోబెట్టిందని అర్థం. బయట ఊరి నుంచి మీ గేటు కెమెరాని నేరుగా చూడబోతే అందనిది అందుకే. రౌటరులో పోర్టులు ఎన్ని తెరిచినా లాభం లేదు.

మామ్మగారి పద్ధతికీ ఒకసారి దెబ్బ తగిలింది. ముందు వాటాలోకి కొత్తగా దిగినాయనదీ మేడ మీదాయనదీ ఒకే ఇంటిపేరు, ఒకే పేరు. ఒకరి ఉద్యోగం ఆర్డరు ఇంకొకరి సొరుగులో తొమ్మిది రోజులుంది. దొంగతనమూ కాదు, నిర్లక్ష్యమూ కాదు. ఒకే గుర్తుతో ఇద్దరుండటమే తప్పు. మంగళవారం కుర్రాడి హాల్‌టికెట్టుకి జరిగింది అదే.

మేము ఆ బ్రాడీపేటలోనే మూడిళ్ళు మారాం. మారిన ప్రతిసారీ నాన్న పాతిక కార్డులు కొనుక్కొచ్చి రాత్రంతా కూర్చుని, "ఇకనుంచి ఈ అడ్రసుకి రాయగలరు" అని చుట్టాలందరికీ రాసేవాడు. కార్డు చేరేలోపు పాతింటికి వెళ్ళిన ఉత్తరాలు కొన్ని దొరికేవి, కొన్ని దొరికేవి కావు. మా పెద్దత్త ఆస్పత్రిలో ఉందన్న కబురు అలాగే మాకు అందలేదు. సొంత చిరునామా లేనివాడికి ఊళ్ళో కాలు నిలవదన్న మాట నాలో అప్పుడు నాటుకుంది.

అందుకే బుధవారం రాత్రి మా ఇంటి నోటుబుక్కు తీశాను. నీళ్ళ వాల్వు ఎక్కడుందో, ఏ ఫ్యూజు ఏ గదిదో రాసిపెట్టుకునే పుస్తకమది. కొత్త పేజీలో 14 గీతలు గీశాను. ఫోన్లు, టీవీ, కెమెరా, ప్రింటరు, రెండు లాప్‌టాప్‌లు, అన్నిటికీ ఒక్కో అంకె. ఒక్కోదాన్నీ తీసుకుని సెట్టింగుల్లోకి వెళ్ళి చేత్తో అంకె వేశాను. గేట్‌వే 192.168.1.1, మాస్క్ 255.255.255.0. పనిలో పనిగా మేడ మీదున్న రెండో రౌటరూ సరిచేశాను. బిగించినవాళ్ళు దాని వ్యాన్ రంధ్రంలో కేబుల్ పెట్టి వెళ్ళిపోవడంతో మేడ వేరే లైనైపోయింది. మేడ మీది కంప్యూటరుకి కింది ప్రింటరు దానంతట కనబడదు, కింది నుంచి మేడకి అసలు దారే లేదు. ముందు దాని పంపకం ఆపేసి, దానికి 192.168.1.2 ఇచ్చి, కేబుల్ ఇంటివైపుదైన లాన్ రంధ్రంలోకి మార్చాను. ఒక ఇంట్లో అంకెలు పంచేవాళ్ళు ఇద్దరుండకూడదు. ఆ పని మాత్రం ఇప్పటికీ సరైనదే అంటాను.

గురువారం పదకొండింటికి అమ్మాయికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. విజయవాడలో స్నేహితురాలింటి నుంచి ఇస్తానని లాప్‌టాప్ తీసుకెళ్ళింది. పదకొండుకి ఐదు నిమిషాలుందనగా ఫోన్. "నాన్నా, వైఫై కలిసినట్టే చూపిస్తోంది, ఒక్క పేజీ కూడా తెరుచుకోవట్లేదు. ఇక్కడందరికీ వస్తోంది. నిన్న నువ్వేమైనా మార్చావా?"

మార్చాను. ఎడాప్టర్ సెట్టింగుల్లో నేను వేసిన అంకె ఆ లాప్‌టాప్‌తో పాటే విజయవాడ వెళ్ళింది. ఆ ఇంటి రౌటరు 192.168.0.1. వాళ్ళది సున్నా లైను. మా అమ్మాయి లాప్‌టాప్ ఆ ఇంట్లో కూర్చుని, బ్రాడీపేట అడ్రసు పట్టుకుని, అక్కడ లేని గేటు కోసం వెతుకుతోంది. ఫోన్లో ఒక్కో మెట్టూ చెప్పి, అంకె తీసేయించి, ఆటోమేటిక్‌గా తీసుకునేలా పెట్టించేసరికి పదకొండు దాటి ఎనిమిది నిమిషాలైంది. ఆ ఎనిమిది నిమిషాలు నా మూలంగా పోయాయి. సాయంత్రం ఇంటికొచ్చాక ఒక్క మాట అనలేదు. అననందుకు నాకు ఇంకా బాధేసింది.

ఆ రాత్రి మామ్మగారి ఇంటిని మళ్ళీ తలుచుకున్నాను. ఎండాకాలం అక్కడ మేడ మీది ఒక గదిలో పరీక్షలకి చదువుకునే కుర్రాళ్ళు నెలకోసం దిగేవాళ్ళు. వాళ్ళకి ఉత్తరాలు రావు, వాళ్ళని వెతుక్కుంటూ ఎవరూ రారు. బయటికి వెళ్ళడం, పని చూసుకోవడం, రాత్రికి తిరిగిరావడం. వాళ్ళకి నిలకడైన చిరునామా ఎందుకు? నాన్న కార్డులు రాసింది మాకోసం కాదు, మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళకోసం. ఫోనూ లాప్‌టాప్‌లూ ఆ కుర్రాళ్ళ లాంటివి. ప్రింటరుని వెతుక్కుంటూ నలుగురొస్తారు. గేటు కెమెరాని వెతుకుతారు. మేడ మీది రౌటరులోకి నేను వెళ్ళాలి. నిలకడైన అంకె ఈ మూడిటికే కావాలి.

ఆ అంకె కూడా వస్తువు మెనూలో చేత్తో వేసేది కాకూడదు, మామ్మగారి పట్టీలో ఉండాలి. రౌటరులో అడ్రస్ రిజర్వేషన్ అని ఒక చోటు ఉంటుంది. వస్తువుకి పుట్టుకతో వచ్చిన మ్యాక్ నంబరు, పన్నెండు అక్షరాలూ అంకెలూ కలిసినది, అక్కడ రాసి ఎదురుగా మనకి కావలసిన అంకె రాస్తే చాలు. ప్రింటరు అందరిలాగే వచ్చి అద్దెకడుగుతుంది, రౌటరు ఎప్పుడూ అదే వాటా ఇస్తుంది. కరెంటు పోయి పంపకాల లెక్క చెరిగినా రిజర్వేషన్ చెరగదు. ఇంకొకరికి ఆ అంకె పోదు. మేడ రౌటరు అంకె అద్దెకడిగేవాటిలో లేదు గనక దాని 2ని ఉన్నచోటే ఉంచి, పంపకం 20 నుంచి మొదలుపెట్టాను.

ఇక 128 బిట్ల చిరునామాలుండే ఐపీవీ6 వస్తే నాన్న కోరిక తీరినట్టే, ప్రతి వస్తువుకీ ప్రపంచంలో ఇంకెవరికీ లేని సొంత చిరునామా అని చాన్నాళ్ళు అనుకున్నాను. ఆ చిరునామాలు మా పెట్టెలోకీ వచ్చాయి. చూస్తే, ఫోన్లూ లాప్‌టాప్‌లూ బయటికి వెళ్ళేటప్పుడు సొంత శాశ్వత అంకె దాచుకుని, రోజుకొకటి చొప్పున తాత్కాలిక అంకెలు తయారుచేసుకుంటున్నాయి. ఎక్కడికెళ్ళినా అదే చిరునామా అయితే ఎవరైనా వెంటపడి ఆనవాలు పట్టగలరు కదా. ఇన్ని చిరునామాలున్న లోకంలో కూడా వాళ్ళు అద్దెకే ఉంటున్నారు.

శుక్రవారం పొద్దున్న నోటుబుక్కులో 14 గీతల్లో 11 కొట్టేశాను. మేడ రౌటరు 2, ప్రింటరు 20, గేటు కెమెరా 21. ఈసారి పెన్సిల్‌తో రాశాను.