గేటు కెదురుగా కెమెరా

సినిమా తీయుట నేర్వబూనినవానికి అన్నిటికంటె ముందు ఎదురగు ప్రశ్న కథ యేది, నటులెవ్వరు అన్నది కాదు. కెమెరా నెక్కడ నిలుపవలెను, నిలిపిన పిదప ఎంతసేపు చూడవలెను అన్నది. నలుబది యేండ్లు దాటి, పిల్లల ఫీజులు కట్టవలసిన వయస్సున తన ఫీజు తానే కట్టుకొని, బల్లార్‌పూర్ నుండి నాగపూరునకు రైలులో పోవుచు మాధ్యమవిద్య నభ్యసించుచున్న నావంటివానికి ఈ ప్రశ్న తక్కినవారికంటె కొంత బరువుగనే తోచును. నా ప్రక్క బల్లపై కూర్చుండు పడుచువాండ్రు సెల్‌ఫోను పట్టుకొనియే పెరిగినవారు. దృశ్యమును పట్టుటకు వారికి క్షణము పట్టదు, దానిని విడుచుటయే కష్టము. నేనన్ననో, పెండ్లికో రేషను కార్డునకో స్టూడియోకు పోయి, తల దువ్వుకొని, ఊపిరి బిగబట్టి కూర్చుండుటయే ఫోటో యని యెఱిగిన తరమువాడను. కెమెరా ముందు నిలుచుట యెట్లో కొంత తెలియును గాని, దాని వెనుక నిలుచుట యెట్లో నాకెవ్వరును నేర్పియుండలేదు.

మా అధ్యాపకులు తొలుత నిచ్చిన అభ్యాసము చూచుటకు మిక్కిలి అల్పము. ఒక్క చోటు, ఒక్క షాటు, ఒక్క నిమిషము. కెమెరా కదలరాదు, జూము చేయరాదు, పాట తగిలింపరాదు, ఎడిటింగు జోలికి పోనేరాదు. సినిమా పుట్టిననాటి నిబంధన లివి. 1895లో ఫ్రాన్సు దేశమందలి లియోన్ నగరమున ల్యుమియేర్ సోదరులు తమ ఫోటో సామగ్రి కర్మాగారపు ద్వారమున కెదురుగా యంత్రమును నిలిపి, పనివారు వెలుపలికి వచ్చుటను చిత్రించిరి. ఆ యేటి డిసెంబరు 28న పారిస్‌లో టిక్కెట్టు పెట్టి చూపిన చిత్రములలో అదియు నొకటి. మఱుసటి యేడు జూలై 7న బొంబాయి వాట్సన్ హోటలున, మన దేశమున మొట్టమొదట ప్రదర్శితమైన చిత్రములలోను అది యున్నది. 17 మీటర్ల ఫిలిము, పట్టుమని నిమిషమైనను లేదు. తలుపులు తెఱచుకొనును, పొడుగు పావడాల స్త్రీలు గుంపుగా వెడలివత్తురు, పురుషులు వత్తురు, సైకిళ్లు వచ్చును, ఒక కుక్క అడ్డముగా పరుగిడును. అంతే.

అయితే ఆ చిత్రమునకు మూడు ప్రతులున్నవని మా పాఠమున చెప్పిరి: ఒకదానియందు బండికి ఒక గుఱ్ఱము, ఒకదానియందు రెండు గుఱ్ఱములు, మఱియొకదానియందు గుఱ్ఱమే లేదు. అనగా లోకమును ఉన్నదున్నట్లు పట్టినదని పేరొందిన తొలి చిత్రమే మరల మరల తీయబడినదన్నమాట. సిద్ధాంత గ్రంథములు దీనినుండి వాస్తవమునకును కల్పనకును గల సంబంధమును గూర్చి చాల దూరము పోవును. మిల్లు నీడన పెరిగినవానికి మాత్రము తోచునది వేఱు. పని ముగించి యింటికి పోవువారిని ఇంకొకనాడు మరల అట్లే వెడలి రండని చెప్పగలవాడెవడు? కూలి యిచ్చువాడు. ఆ గేటును, ఆ యంత్రమును, అందు దొరలిపోవు ఆ మనుష్యుల దినమును ఒక్కరి చేతిలోనివే.

నేను నా నిమిషమునకై మా యూరి కాగితపు మిల్లు గేటు నెన్నుకొంటిని. గోండు రాజుల కోట, వర్ధానది, బొగ్గుగనులు, ఢిల్లీ మద్రాసు మార్గమున బల్లార్షాయను పేర వెలసిన జంక్షను, ఇట్లు ఊరికి గుర్తులు చాలనే యున్నను, దాని పేరును దూరదేశపు పిల్లల నోటుపుస్తకముల అట్టలపై కెక్కించినది 1945లో స్థాపితమైన కాగితపు కంపెనీయే. 1929లో కాజీపేట బల్లార్షా రైలుదారి పూర్తియైన తరువాత దక్షిణమునుండి ఇచ్చటికి వచ్చుట సులభమై, గనులకును మిల్లునకును తరలివచ్చిన తెలుగువారి మనుమలు నేడు మరాఠీ బడిలో చదివి, హిందీలో బేరమాడి, ఇంట తెలంగాణపు తెలుగున తిట్టుకొందురు, ముద్దు చేసికొందురు. సినిమా సిద్ధాంత వ్యాసములను నేను చదువుకొన్న జెరాక్సు కాగితములు సయితము మా మిల్లున పుట్టినవే యని నా నమ్మకము. రుజువు లేదు, అభిమానమున్నది.

మిల్లు భోంగా కూసినది. గుజ్జు ఉడుకు వాసన ఊరివారి ముక్కులకు ఎన్నడో అలవాటైపోయినది, రైలు దిగిన చుట్టములే అడుగుదురు గనుక దానిని గూర్చి వ్రాయను. పైగా కెమెరాకు ముక్కు లేదు. బయటి రోడ్డుపై, ఆవలి ప్రక్క, ట్రైపాడు నిలిపి యుంటిని. మొదట వచ్చినవారు వేగముగా వచ్చిరి, వెనుకవారు మెల్లగా. ఒకడు హెల్మెట్టు మోచేతికి తగిలించుకొని బండి స్టార్టు చేయుటకై మూడు కిక్కులు కొట్టెను. ఒక ముసలాయన గేటు దాటగానే ఆగి, జేబునుండి ఫోను తీసి, కన్నులకు దూరముగా పట్టి, ఏదియో చదివి, మరల లోపల పెట్టుకొనెను. తెఱపై చూచినప్పుడు గాని తెలియలేదు, ఆయన అట్లు నిలుచున్నంతసేపును వెనుకవచ్చువారందఱు నీటివలె చీలి ఇరుప్రక్కలనుండి పోయిరని. ఇది వ్రాయదలచుకొని వ్రాయగల దృశ్యము కాదు, వేచియున్నవానికి దొరకునది.

ఒక యువకుడు సైకిలాపి, "ఏం తీస్తున్నవన్నా? టీవీల అస్తదా?" యని యడిగెను. "లేదు తమ్మీ, కాలేజి పని" యని చెప్పి తీసినది చూపితిని. అతడు తల వంచి నిమిషమంతయు చూచి, "గేటు మంచిగనే వడ్డది. గని మేం గీడికెళ్లి సీదా ఇంటికి వోతమనుకున్నవా? గా ఎడమదిక్కు చాయ్ టపరి కాడ అర్ధగంట కూసుంటం. అసలు ముచ్చటంత ఆడనే. అది నీ దాంట్ల రానే లేదు" అనెను.

ఆ మాట నాకు మఱుసటి వారమే గ్రంథస్థమై కనబడినది. నోయెల్ బర్చ్ అను సిద్ధాంతకర్త, 1969లో ఫ్రెంచి భాషలో వెలువడిన తన పుస్తకమున, ఫ్రెంచి దర్శకుడు రెన్వార్ తీసిన 'నానా' అను మూకీచిత్రమును ఆధారము చేసికొని, తెఱకు వెలుపలి స్థలమును ఆఱు భాగములుగా విభజించి చూపినాడు: చట్రమునకు కుడిప్రక్క, ఎడమప్రక్క, పైన, క్రింద, కనబడు గోడకో తలుపునకో ఆవలితట్టు, ఆఱవది కెమెరా వెనుక. నా నిమిషమును ఈ లెక్కకు ఒడ్డి చూచుకొంటిని. ఎడమవైపున టపరి, గేటునకు ఆవల, అనుమతి లేనివానికి ప్రవేశము లేని యంత్రముల లోకము, పైన పొగగొట్టము, కెమెరా వెనుక నేను. ఆఱింటిలో ఎడమదానిని సైకిలు తమ్ముడే చెప్పివేసినాడు. కడపటిదానిని గూర్చి అతడు మర్యాదకొలది ఏమియు ననలేదు.

మా తరగతిలో సిద్ధాంతమనిన చాలమందికి జ్వరము. కెమెరా కావలెను, డ్రోను కావలెను, లైట్లు కావలెను. బర్చ్ వలదు, బజాన్ వలదు. దీనికి పిల్లలను మాత్రమే తప్పుపట్టుట న్యాయము కాదు. సిద్ధాంతమును ఒక గదిలో నోట్సుగా చెప్పించి, కెమెరాను ఇంకొక గదిలో మీటల పట్టికగా నేర్పినచో రెండును ఎండిపోవును. ప్రభాత్ స్టూడియో ఆవరణమున 1960లో పుణె ఫిల్ము ఇన్స్టిట్యూటు వెలసిన కొలదికాలమునకే అచ్చట సినిమా రసగ్రహణమును బోధింప వచ్చిన సతీశ్ బహాదుర్, అంతకు ముందు ఆగ్రాలో అర్థశాస్త్రము చెప్పినవాడు. 'పథేర్ పాంచాలి'ని షాటు షాటుగా విప్పి చూపుచు ఆయన చెప్పిన పాఠములు ఒక తరమునకు చూపు నిచ్చినవి. సినిమాను ఆపి, వెనుకకు త్రిప్పి, మరల చూపు గురువు లేనిచోట సిద్ధాంతము పరీక్షకు వచ్చు ప్రశ్నగా మిగిలిపోవుట సహజము.

బజాన్‌ను వలదన్నవారిని ఒక్కమారు మా చంద్రపురము జిల్లాకు తీసికొని రావలెను. ఆంద్రే బజాన్ 1951లో ఫ్రాన్సున 'కాయే ద్యు సినిమా' పత్రికను నెలకొల్పినవారిలో నొకడు, నలుబదియవ యేటనే 1958లో కన్నుమూసినవాడు. ఎడిటింగు నిషిద్ధమగు సందర్భ మొకటి కలదని ఆయన వాదించినాడు: ఒక ఘటన యొక్క సారమంతయు రెండు వస్తువులు ఒకే చోట, ఒకే క్షణమున నుండుటయందే యున్నపుడు, వానిని వేఱు ముక్కలుగా తీసి అతికించుట కూడదు. ఆయన చూపిన ఉదాహరణము తూర్పు ఆఫ్రికా అడవులలో నడచు నొక బ్రిటిషు చిత్రము. పిల్లవాడు తెలియక సింహపు కూనను ఎత్తుకొని వచ్చును, తల్లిసింహము వెంబడించును. అంతవఱకు బాలుడొక ముక్క, సింహమొక ముక్క, చవుకబారు ఉత్కంఠ. తల్లిదండ్రుల కంటబడిన క్షణమున దర్శకుడు ఒక్కసారిగా అందఱిని, బాలుని, సింహమును, కన్నవారిని, ఒకే చట్రమున చూపును. ఆ సింహము కొంత మచ్చికైనదే కావచ్చును. అయినను ఆ ఖాళీస్థలము నిజము, ఆ దూరము నిజము.

1955లోనే జాతీయోద్యానముగా ప్రకటితమైన మా తాడోబా అడవి పులులు నేడు గనుల మట్టిగుట్టలవఱకు, విద్యుత్కేంద్రపు పొదలవఱకు వచ్చుచుండగా, పశువుల కాపరులు, ఇప్పపూలు ఏఱబోయినవారు ప్రాణములు పోగొట్టుకొనుచుండగా, మా వాట్సాపులో పులుల వీడియోలకు కొదవయా? పులి యొక ముక్క, పరుగెత్తు జనమొక ముక్క, క్రింద ఉఱుముల సంగీతము. దానిని చూచి మా వీధి యమ్మలక్కలు, "ఇది మన దిక్కుది గాదు, యాడిదో కలిపిండ్రు" అని ఒక్క మాటలో తేల్చివేయుదురు. అదే, ఎవరో బస్సు కిటికీలోనుండి వణకు చేతితో తీసిన వీడియోలో, రోడ్డు దాటుచున్న పులియు, ఇవతల బండి దిగి కట్టెవలె నిలిచిపోయిన మనిషియు ఒక్కసారి కనబడినచో, ఎవ్వరును మాటాడరు. ఫోను చేతులు మారును. ఫ్రెంచి పండితుడు పుటలు పుటలుగా నిరూపించినదానిని వారు వంట నడుమ నిరూపించుచున్నారు. అట్లని కలిపి చెప్పుట కళ కాదనను. ఒకే ముఖమును పులుసు గిన్నె ప్రక్కన, శవపేటిక ప్రక్కన పెట్టి రెండు భావములు పుట్టించిన రష్యనుల విద్య లేనిదే మన సినిమాయే లేదు. ఎప్పుడు కోయరాదో తెలిసినవాని కత్తెరకే పదునని మాత్రము నా యభిప్రాయము.

బర్చ్ చెప్పిన ఆఱవ స్థలమునకు వత్తును. కెమెరా వెనుక ఎవరు నిలుచున్నారన్న ప్రశ్నకు మా మహారాష్ట్రమున దొరికిన గొప్ప సమాధానము, నాబోటి విద్యార్థి చేసిన కాలేజీ పనియే. సోలాపురము జిల్లా జేవూరున వడ్డెర కుటుంబమున పుట్టిన నాగరాజ్ మంజుళే అహమదునగరున కమ్యూనికేషను చదువు చదువుచు అభ్యాసముగా తీసిన లఘుచిత్రము 'పిస్తుల్యా'. రాళ్లు కొట్టి బ్రదికిన ఆ కులమువారి యింటి పలుకు తెలుగునకు చెందినదే. మరాఠీ, తెలుగు రెండును వినిపించు ఆ చిత్రము, బడికి పోగోరు బీదబాలుని కథ, 58వ జాతీయ పురస్కారములలో కథేతర విభాగమున ఉత్తమ తొలిచిత్రముగా ఎన్నికైనది. పిదప ఆయన తీసిన 'ఫాండ్రీ' (2013) కడపట, ఊరివారిచే పరిహసింపబడి పందులను తఱిమిన జబ్యా యను బాలుడు విసరిన రాయి నేరుగా కెమెరా మీదికే వచ్చును. ఆ రాయి ఎవరిని తాకుటకు వచ్చినది? హాలులో కూర్చుండి చూచిన మనలను. మనకంటె ముందు, ఆఱవ స్థలమున నిలుచున్నవానిని. ఆ స్థలమున నిలిచినవాడు కూడ రాళ్లు కొట్టినవారి యింటివాడే యగుటచేత ఆ చూపునకు కలిగిన బలము, లియోన్ నగరమున తన గేటును తానే తీసికొన్న యజమానికి కలుగనేరదు.

మా తండ్రియు ఆ మిల్లులోనే షిఫ్టులు చేసి రిటైరైనవాడు. కాని కొడుకునైనంత మాత్రమున గేటునకు ఏ ప్రక్క నిలిచితినో తేలిపోవునా? కాలేజి బ్యాగు, అద్దెకు తెచ్చిన ట్రైపాడు, నలుగని చొక్కా చూచియే గదా ఆ కుఱ్ఱవాడు టీవీవాడనుకొన్నాడు. కనుక కడపటి ప్రాజెక్టునకు టపరినే తీయదలచి, మొన్న పోయి అతనిని, అతని స్నేహితులను అడిగితిని. వారు తమలో తాము మూడు భాషలలో చర్చించుకొని ఒక షరతు పెట్టిరి. "తీసుకో అన్నా, మాకేం? గని నువ్వు అటు నిలవడి మమ్ముల జూసుడు గాదు. నువ్వు గూడ మా పక్కన బల్ల మీద కూసోని చాయ్ తాగాలె. కెమెరా ఆడనే ఉండనీ." ఒప్పుకొంటిని. అట్లయినచో మీట నొక్కువారెవ్వరన్న సంగతి ఇంకను తేలలేదు. గ్లాసులు కడుగు కుఱ్ఱవాడు తానున్నానని ముందుకు వచ్చుచున్నాడు, మా అధ్యాపకులేమో ప్రాజెక్టు విద్యార్థి స్వహస్తముతో చేయవలెనను నిబంధనను తీసి చూపుచున్నారు.