పాలపళ్లు, ఆరుపళ్లు, అరవై ఏళ్లు

మనిషి కండబలం ఇరవైల చివర, ముప్పైల మొదట నిండుగా ఉంటుంది. యాభై దాటాక తరుగుదల తెలుస్తుంది, డెబ్బై దాటాక జోరందుకుంటుంది. ఆ వయసులో కండ ఏడాదికి ఒక శాతం చొప్పున తగ్గుతుంటే, బలం అంతకు రెండు మూడు రెట్లు వేగంగా పడిపోతుంది. అంటే తొడ లావు చూసి బలం ఇంత అని చెప్పడం కుదరదు. వయసుతో పాటు కండ తరగడానికి సార్కోపీనియా అనే పేరు పెట్టింది 1988లోనే. అమెరికా జబ్బుల పట్టికలో దానికి సొంత సంఖ్య దక్కడానికి 2016 దాకా పట్టింది. అంతవరకూ అది ఒట్టి ముసలితనం.

కండలో నిదానపు పోగులు, చురుకు పోగులు అని స్థూలంగా రెండు రకాలు. నిలబడడానికి, నడవడానికి మొదటివి చాలు. ఒక్క ఊపున లేవడానికి, ఎగదన్నడానికి రెండోవి కావాలి. వయసుతో ముందు సన్నబడేవి చురుకు పోగులే. వెన్నుపాములో కండను కదిలించే నరకణాలు కొన్ని చనిపోతాయి, వాటి కింది పోగులు దిక్కులేనివవుతాయి. పక్క నరం కొన్నిటిని దత్తు తీసుకుంటుంది, మిగిలినవి ఎండిపోతాయి. నిదానపు నరానికి దత్తు పోయిన చురుకు పోగు తానూ నిదానపుదైపోతుంది. డెబ్బై ఏళ్ల రైతు పొద్దంతా చేను గట్ల మీద తిరగగలడు గానీ, కాలు జారిన క్షణాన రెండో కాలు వేళకు ముందుకు పడదు. తుంటి విరిగేది అక్కడే.

బలానికీ వయసుకూ ఉన్న ఈ లెక్క రాయలసీమకు బాగా తెలుసు. కాకపోతే ఎద్దుల విషయంలో. మహానంది శివరాత్రి దగ్గర్నుంచి ఊరూరి తిరుణాళ్ల దాకా బండలాగుడు పందేల్లో విభాగాలు చాలావరకు పళ్లను బట్టే: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆ పైన సీనియర్లు. పశువుకు పాలపళ్లు ఊడి ముందుపళ్లు జతలు జతలుగా వస్తాయి. మొదటి జత రెండేళ్ల ప్రాంతంలో, నాలుగో జత నాలుగైదేళ్లకు. నోరు తెరిచి చూస్తే వయసు తెలిసిపోతుంది. బండ బరువు విభాగాన్ని బట్టి మారుతుంది, గడువులో ఎన్ని అడుగులు లాగాయన్నదే గెలుపు. పాలపళ్ల కోడెలకు సీనియర్ల బండ కట్టమంటే ఊరు ఊరుకోదు. పందెపు ఎద్దుకు ఉలవలు ఉడకేసి పెడతారు, సేద్యపు పని తప్పిస్తారు, బండ బరువు కొద్దికొద్దిగా పెంచుతూ సాధన చేయిస్తారు. అదే తిరుణాలలో రాతి గుండెత్తే పందెం దగ్గర మనుషుల పళ్లు చూసేవాడు లేడు. ఎద్దుకున్న శాస్త్రం మనిషికి లేదు.

మనిషి విషయంలో నడిచేది ఒక పాత మాటే: సంగటి తిన్న ఒళ్లు, కష్టం చేసిన చేతులు, పల్లె ముసలాళ్లకేం కాదు. గుండెత్తే పెద్దాయన అందరికీ కనిపిస్తాడు. అరుగు మీంచి లేవలేనివాడు తిరుణాలకే రాడు. చాకిరీ కండను కాపాడుతుందన్న నమ్మకానికి అంకెలు అడ్డొస్తున్నాయి. ప్యూర్ అనే అంతర్జాతీయ అధ్యయనం 17 దేశాల్లో, మన దేశంలోనూ, దాదాపు లక్షా నలభై వేల మంది పిడికిలి పట్టును కొలిచింది. పట్టు 5 కిలోలు తగ్గితే మరణం ముప్పు 16 శాతం ఎక్కువగా కనిపించిందని 2015లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. అదే అధ్యయనం లెక్కల్లో దక్షిణాసియా పట్టు అడుగు వరుసలో ఉంది, యూరప్, ఉత్తర అమెరికా పై వరుసలో. చాకిరీయే బలమైతే ఈ వరుస తలకిందులుగా ఉండాలి.

మన ఒళ్లు చిన్నవన్నది కొంత కారణం. మరో కారణం పనిలోనే ఉంది. శనక్కాయ చేలో కలుపు తీయడం, కరువు పనిలో మట్టి తట్ట మోయడం వేలసార్లు తిప్పితిప్పి చేసే కదలికలు. వాటితో ఓర్పు పెరుగుతుంది, కీళ్లు అరుగుతాయి. బలం పెరగాలంటే బరువు పెరగాలి, మధ్యలో విశ్రాంతి దొరకాలి. కర్నూలు యార్డులో ఉల్లి బస్తా బరువే, కానీ హమాలీ వయసును బట్టి అది తగ్గదు. అసలు కారణం ఇంకా వెనక ఉందేమో. పుట్టినప్పటి తూకం తక్కువైనవాళ్లకు ముసలితనంలో పిడికిలి పట్టు కూడా తక్కువేనని ఇంగ్లండ్‌లోని హార్ట్‌ఫర్డ్‌షైర్ పరిశోధకులు చూపించారు. 1952 రాయలసీమ కరువులో గంజి కేంద్రాల ముందు తల్లుల చంకలో ఉన్న పిల్లలు ఇప్పుడు డెబ్బైల్లో ఉన్నారు. వాళ్ల కండకు మొదటి లోటు అప్పుడే పడి ఉంటుంది.

తిండి సంగతీ అంతే. రాగి పిండి నూరు గ్రాముల్లో మాంసకృత్తులు ఏడు గ్రాములే. జొన్న కొంత మెరుగు, పప్పులు, ఉలవలు, శనక్కాయలు చాలా మెరుగు. పెద్దవయసులో ఒంటి బరువు కిలోకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలని నిపుణుల మాట. పళ్లూడిన ముసలివాళ్లు ముద్ద, పులుసునీళ్లతో సరిపెట్టుకునే ఇళ్లలో అది అందదు. ఎండకు కొదవలేని సీమలోనే, తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి పరిశోధకులు చూసినవాళ్లలో చాలామందికి, కండకు అవసరమైన విటమిన్ డి తక్కువగా తేలింది.

కొలవడానికి మాత్రం ఖర్చు లేదు. ప్లాస్టిక్ కుర్చీయే అందుకు చాలు, గోడకు ఆనించాలి. చేతులు ఛాతీ మీద కట్టుకుని అయిదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు, ఆ పైన పడితే ఆసియా నిపుణుల బృందం 2019 ప్రమాణం ప్రకారం కాలి కండ సంగతి చూసుకోవాల్సిందే. అదే కుర్చీ సాధనకూ పనికొస్తుంది: లేచి కూర్చోవడం సులువయ్యాక చంకలో బియ్యం సంచి, ఆ తర్వాత ఇంకాస్త పెద్దది, వారానికి రెండు మూడు రోజులు. గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్లు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. 1990లో బోస్టన్‌లోని ఒక వృద్ధాశ్రమంలో సగటున తొంభై ఏళ్ల వాళ్లచేత ఎనిమిది వారాలు గట్టి బరువులు ఎత్తించారు. తొడ కండ 9 శాతమే పెరిగింది, కాలి బలం సగటున 174 శాతం. సాధన ఆపిన నాలుగు వారాలకే మొత్తం బలంలో దాదాపు మూడో వంతు పోయింది.