దానం ఎవరిది? శాహజీ ‘సతీదానశూరము’ మీద కొన్ని మాటలు

మరాఠా రాజులంటే మా గుమ్మఘట్ట తట్టు గుత్తికోట మురారిరావు ఘోర్పడే పేరు చెప్తారు. 1776లో హైదరాలీకి కోట వదులుకున్నాడాయన. కోటల సంగతి అట్లుంచి, మరాఠా దొరలు తెలుగులో ఏం రాశారో చూడాలంటే తంజావూరు పోవాల్సిందే. శివాజీ సవతి తమ్ముడు ఏకోజీ కొడుకు శాహజీ 1684 నుంచి 1712 దాకా అక్కడ ఏలాడు. ఆయన పేరున ఉన్న తెలుగు యక్షగానాల్లో ఒకటి ‘సతీదానశూరము’.

కథ చిన్నదే. మోరోభట్లు అనే బ్రాహ్మణుడు అంటరాని మాతంగి స్త్రీని చూసి మోహిస్తాడు. శిష్యుడు శాస్త్రం చెప్పి వద్దంటాడు. ఆమె తమ గొడ్డుకూర తిండి సంగతి చెప్పి దూరం పొమ్మంటుంది. ఆ తిండినే పొగడ్తగా తిప్పేస్తాడు భట్లు! చివరికి మొగుడు ఆమెను దానమిస్తాడు. పేరులోని శూరుడు వాడే.

బ్రాహ్మణుణ్ణి ఎగతాళి చేసిన నాటకమని దీన్ని మెచ్చుకుంటారు. నిజమే, శాస్త్రాలు వల్లించే నోటికి చొంగ కారుతుంటే నేనూ నవ్వినాను. అయితే ఆ నవ్వుకు పెట్టుబడి ఎవరు? వద్దన్నది ఆమె, తీర్పు మొగుడిది, వినోదం కొలువుది. మా రాయదుర్గం, బళ్లారి సరిహద్దు ఊళ్లలో ఆడపిల్లల్ని బసివిగా విడిచే ఆచారం తెలిసినవాళ్లకు ‘ఇచ్చేయడం’ అన్న మాట హాస్యంగా వినపడదు. దేవుడికి ఇస్తారు, అనుభవించేది ఊరి పెద్దలు. 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసి ఆ సమర్పణను నేరమనాల్సి వచ్చింది.

పైగా మాతంగి అంటే మా మాదిగలకు వట్టి కులం పేరు కాదు, దేవర. థర్‌స్టన్ 1909లో అచ్చేసిన కులాల గ్రంథంలోనూ ఆమె ఉంది. పూనకంలో అగ్రకులాల మీద ఉమ్ముతుంది, బూతులు తిడుతుంది, వాళ్లు దాన్ని పుణ్యమని పట్టుకుంటారు. ఆ మాతంగిని శాహజీ రంగం మీదికి రానియ్యలేదు.

రాజులంతా ఒకటే అనడం లేదు. భోంస్లేల మరో గద్దె కొల్హాపూర్. అక్కడి శాహూ 1902లో ఉద్యోగ ఖాళీల్లో 50 శాతం వెనకబడిన కులాలకు కేటాయించాడు. 1920లో మాణగావ్ సభకొచ్చి అంబేద్కర్ పక్కన నిలబడ్డాడు. అదీ రాజు దయేనని కొందరంటారు. కానీ ఆయన వదిలించింది తన దర్బారులో బ్రాహ్మణులు కూర్చున్న కుర్చీలను. తంజావూరు నాటకంలో దానానికి పెట్టింది మాదిగవాని పెండ్లాన్ని. యక్షగాన చరిత్రలు రాసేవాళ్లు ఈ తేడా పట్టించుకోకుండా శాహజీని సంస్కర్త అంటే నేనొప్పుకోను.