ప్రవచన పఠన విద్యకు పరీక్ష ప్రభువు బల్ల

బైబిలు ప్రవచనాలను చదివే మార్గాలు అనేకం ఉన్నా, వాటిలో అత్యధిక శ్రమను, అంతకు మించిన నిగ్రహాన్ని కోరేది ప్రెటరిస్టు పఠనం. అంటే, అంత్యదినాలను గూర్చి యేసు ఒలీవల కొండ మీద చేసిన హెచ్చరికలలో అధిక భాగం సా.శ. 70లో రోమా సైన్యం యెరూషలేము దేవాలయాన్ని దహించినప్పుడే నెరవేరిందని గ్రహించే పద్ధతి. ఈ మాట చెవిని పడగానే రెండవ రాకడకే ఎసరు పెడుతున్నారన్న అనుమానం తెలుగు సంఘాలలో కలగడం సహజమే. అయితే ఈ విద్యలో రెండు శాఖలున్నాయి. యెరూషలేము మీది తీర్పు గతించినా ప్రభువు ప్రత్యక్షంగా రావడం, మృతుల పునరుత్థానం, కడవరి తీర్పు ఇంకా మిగిలే ఉన్నాయని పాక్షిక ప్రెటరిస్టులు నమ్ముతారు. అవి కూడా అప్పుడే ముగిశాయని సంపూర్ణ ప్రెటరిస్టులు వాదిస్తారు. వీరిలో ఎవరి పనితనం నాణ్యమైనదో ప్రభు భోజనపు బల్ల దగ్గర తేలుతుంది.

మత్తయి సువార్త 24వ అధ్యాయంలో సూర్యుణ్ణి చీకటి కమ్మడం, నక్షత్రాలు రాలడం, మనుష్యకుమారుడు మేఘాల మీద రావడం చదివిన సాధారణ పాఠకుడు ఆకాశం వైపు చూస్తాడు. నేర్పరి యెషయా గ్రంథం తెరుస్తాడు. అక్కడ 13వ అధ్యాయంలో బబులోను పతనాన్ని అవే సూర్యచంద్ర నక్షత్రాలతోనూ, 19వ అధ్యాయంలో ఐగుప్తు మీది తీర్పును యెహోవా మేఘమెక్కి రావడంతోనూ ప్రవక్త వర్ణించాడు గనుక, రాజ్యాలు కూలడాన్ని చెప్పే ప్రవక్తల పరిభాషనే యేసు వాడాడని అతడు నిర్ధారిస్తాడు. తరువాత మత్తయి పేర్కొన్న హేయవస్తువు పక్కన, అదే సందర్భంలో లూకా 21వ అధ్యాయం చూపే, యెరూషలేమును చుట్టుముట్టిన దండులను ఉంచి, ఒక సువార్తకు మరొక సువార్త చేతనే అర్థం చెప్పిస్తాడు. ఆ తరం గతించకముందే ఇవి జరుగుతాయన్న యేసు కాలనిర్దేశాన్ని సాగదీయకుండా స్వీకరించడం ఈ పద్ధతికి ప్రాణం. చివరికి, క్రైస్తవుడు కాని యూదు చరిత్రకారుడు జోసీఫస్‌ను సాక్షిగా పిలుస్తాడు. నగరానికి అయ్యో అయ్యో అని ఏడేళ్ల ఐదు నెలలు వీధుల్లో అరిచి, కొరడా దెబ్బలకు కూడా లొంగక, ముట్టడిలో రాయి తగిలి మరణించిన ఒక పల్లెటూరి మనిషి కథ ఆయన ‘యూదుల యుద్ధం’ ఆరవ సంపుటంలో ఉంది. అతని పేరు కూడా యేసే కావడం విశేషం.

ఈ విద్య వంశావళి క్లుప్తంగానే చెప్పవచ్చు. సెవిల్‌కు చెందిన జెసూట్ పండితుడు లూయిస్ ద అల్కాజార్ ప్రకటన గ్రంథాన్ని ఈ తీరున ఆద్యంతం వ్యాఖ్యానించాడు; ఆ బృహద్గ్రంథం ఆయన మరణానంతరం 1614లో వెలువడింది. డచ్చి న్యాయవేత్త హ్యూగో గ్రోషియస్ ఈ పద్ధతిని ప్రొటెస్టంటుల ఇంటికి తెచ్చాడు. అయితే అందరినీ మించిన ఘనత స్కాట్లండ్‌లో పుట్టిన జేమ్స్ స్టూవర్ట్ రసెల్‌ది. 1878లో పేరు కూడా వేసుకోకుండా ఆయన ప్రచురించిన ‘ది పరూసియా’, రాకడను గూర్చిన కొత్త నిబంధన వచనాలను ఒక్కొక్కటిగా పట్టి, తప్పించుకునే దారి లేకుండా కాలం దగ్గర నిలబెట్టింది. సంపూర్ణ ప్రెటరిస్టులు ఆయనను తమ పితామహుడిగా చెప్పుకుంటారు గాని, ప్రకటన 20లోని వెయ్యేళ్ల ఘట్టం 70తో ముగిసిందనలేక ఆయన అక్కడ ఆగిపోయాడన్న సంగతిని అంత గట్టిగా చెప్పరు. ఎక్కడ ఆగాలో తెలియడమే ఆయన గొప్పతనం.

ఇక బల్ల సంగతి. రొట్టె, ద్రాక్షారసం క్రీస్తు శరీర రక్తాలుగా మారుతాయని కథోలికులు నమ్ముతారు. రొట్టెతో పాటు క్రీస్తు శరీరం నిజంగా ఉంటుందని లూథర్, అది జ్ఞాపకార్థమేనని జ్వింగ్లీ, విశ్వాసి పరిశుద్ధాత్మ ద్వారా క్రీస్తులో నిజంగా పాలుపొందుతాడని కాల్విన్ బోధించారు. 1529లో మార్బర్గ్‌లో లూథర్, జ్వింగ్లీ పద్నాలుగు అంశాల మీద ఏకీభవించి, పదిహేనవదైన ఈ భోజనం దగ్గరే విడిపోయారు. ఇంత తగవులాడిన వారంతా ఒప్పుకున్నది ఒకటుంది: ప్రభువు వచ్చేవరకు ఆయన మరణాన్ని ప్రకటించే క్రియగా పౌలు మొదటి కొరింథీ 11వ అధ్యాయంలో ఈ భోజనాన్ని నిర్వచించాడు.

ప్రభువు 70లోనే వచ్చేశాడంటే బల్ల గడువు కూడా అప్పుడే తీరింది. సంపూర్ణ ప్రెటరిస్టులలో కొందరు ఈ తర్కాన్ని చివరంటా అనుసరించి బల్లను విడిచిపెట్టగా, మరికొందరు అదే ఇప్పుడు దేవుని రాజ్యపు విందు అని పేరు మార్చి కొనసాగిస్తున్నారు. మొదటివారిది నిజాయితీ గల తప్పు, రెండవవారిది సర్దుబాటు. అయితే యెరూషలేము కూలిన తరువాతి తరాలలో ఏ సంఘమూ బల్లను ఎత్తివేసినట్టు చరిత్ర చూపదు. రోమా చక్రవర్తి వెస్పాసియన్ వంశం పేరిట వెలసిన ఫ్లావియా నియపొలిస్‌లో, అంటే యెరూషలేమును కూల్చిన వంశం పేరు మోసే ఊరిలోనే పుట్టిన క్రైస్తవ రచయిత జస్టిన్, రెండవ శతాబ్దపు మధ్యలో ఆదివారపు కూడికను వర్ణిస్తూ, రొట్టెను, నీరు కలిపిన ద్రాక్షారసాన్ని పంచి, రాలేనివారికి పరిచారకులు మోసుకుపోయేవారని రాశాడు. ఆయనే రెండవ రాకడ కోసం ఎదురుచూశాడు కూడా. నగర నాశనమూ నిరీక్షణా ఒకే మనసులో ఇమిడాయనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

అవతలి ఒడ్డున తేదీల వ్యాపారులున్నారు. 1844 అక్టోబరు 22న విలియం మిల్లర్ అనుచరులు, 2011 మే 21న హెరాల్డ్ క్యాంపింగ్ శ్రోతలు ప్రభువు రాకడ కోసం ఎదురుచూసి భంగపడ్డారు. అయినా ఈ సరుకుకు గిరాకీ తగ్గలేదు. వార్తాపత్రికను పంచాంగంలా విప్పి, ప్రతి యుద్ధానికీ ఒక వచనం అతికించే ప్రసంగాన్ని ప్రవచన వ్యాఖ్యానమని పిలవడం అసలు విద్యకు అవమానం. తెలుగు నేలకు ఇందులో సొంత వాటా ఉంది. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట వచ్చిన బౌడెన్, బీర్ గోదావరి డెల్టాలో నాటిన బ్రదరెన్ సంఘాలు ప్రతి ఆదివారం రొట్టె విరిచే శ్రేష్ఠమైన ఆచారాన్ని ఇచ్చాయి. అదే ఉద్యమానికి చెందిన డార్బీ ప్రచారం చేసిన రహస్య ఎత్తబాటు బోధ ఇక్కడి వేదికలను ఆక్రమించి, ఆ బల్లకు దక్కవలసిన శ్రద్ధను మింగేసింది.

కాబట్టి రాకడ గుర్తుల పటాన్ని గోడకు తగిలించబోయే బోధకులు ముందుగా లూకా 21వ అధ్యాయాన్ని, జోసీఫస్ ఆరవ సంపుటాన్ని పక్కపక్కన పెట్టుకుని చదవాలి. అంతా అయిపోయిందని చెప్పదలచినవారు జస్టిన్‌ను చదివేదాకా బల్ల జోలికి పోకూడదు.