ఊపిరి లెక్క

దగ్గు, ఆయాసం, గళ్ల. ఉబ్బసమైనా, క్షయ అయినా, ఏళ్ల తరబడి పీల్చిన పొగ తెచ్చిపెట్టే సీఓపీడీ అయినా రోగి నోట వచ్చే మాటలు ఇవే. అందుకే ఛాతీ వైద్యుడి పని ప్రశ్నలతో మొదలవుతుంది. దగ్గు ఎన్నాళ్లుగా ఉంది? తెల్లవారుజామున ఎక్కువవుతుందా? గళ్లలో రక్తం చార కనిపించిందా? బరువు తగ్గారా? ఏం పని చేస్తారు? ఈ చివరి ప్రశ్నను తొందరలో వదిలేయడం పెద్ద పొరపాటు. కంకర క్రషర్ దగ్గర పనిచేసిన మనిషి ఊపిరితిత్తుల్లో సిలికా ధూళి పేరుకుని ఉండొచ్చు. ఇరవై ఏళ్లు కట్టెల పొయ్యి ముందు వండిన ఇల్లాలికి ఒక్క బీడీ ముట్టకుండానే సీఓపీడీ రావచ్చు.

తర్వాత స్టెతస్కోపు. 1816లో పారిస్‌లో లెనెక్ అనే వైద్యుడు కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి ఛాతీ చప్పుడు విన్నాడు. ఈ పనిముట్టుకు అదే మొదలు. ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు వినిపిస్తే గాలి గొట్టాలు ఇరుకైనట్టు. పీల్చేటప్పుడు చిటపటమంటే నెమ్ము కావచ్చు, ఊపిరితిత్తి గట్టిపడటమూ కావచ్చు. వేళ్లతో తట్టినప్పుడు ఒక పక్క మొద్దుగా మోగితే అక్కడ నీరు చేరిందేమోనని చూస్తారు.

ఎక్స్‌రే తీస్తే అంతా తేలిపోతుందని చాలామంది నమ్మకం. కానీ ఉబ్బసం రోగి ఎక్స్‌రే చాలాసార్లు శుభ్రంగానే ఉంటుంది. అక్కడ కావలసింది స్పైరోమెట్రీ. ముక్కుకు క్లిప్పు పెట్టి, నోట్లో గొట్టం ఉంచి, గుండెల నిండా గాలి పీల్చి ఒక్కసారిగా ఊదాలి. పక్కన టెక్నీషియన్ ‘ఊదండి, ఇంకా ఊదండి, ఆపొద్దు’ అంటూనే ఉంటారు. ఆరు సెకన్లపాటు ఊదేసరికి ముఖం ఎర్రబడుతుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. తర్వాత గాలి గొట్టాలను వెడల్పు చేసే సాల్బుటమాల్ మందు పీల్పించి, పావుగంట ఆగి మళ్లీ ఊదిస్తారు. మొదటి సెకనులో బయటికొచ్చే గాలి అంతకు ముందుకంటే 12 శాతం, 200 మిల్లీలీటర్లు మించి పెరిగితే ఉబ్బసం వైపు మొగ్గు. మందు తర్వాత కూడా మొత్తం గాలిలో 70 శాతమైనా మొదటి సెకనులో రాకపోతే సీఓపీడీని అనుమానించాలి. ఇంత తేలికైన పరీక్షను చేయించకుండానే ఏళ్ల తరబడి మందులు వాడించడం అన్యాయం.

రెండు వారాలు దాటిన దగ్గుకు గళ్ల పరీక్ష తప్పనిసరి. సీబీనాట్ యంత్రం క్షయ క్రిమిని కొన్ని గంటల్లోనే పట్టేస్తుంది, రిఫాంపిసిన్ అనే క్షయ మందుకు అది లొంగుతుందో లేదో కూడా చెబుతుంది. 1943లో స్ట్రెప్టోమైసిన్ అనే మందును కనుగొనేదాకా మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం లాంటి శానిటోరియాల్లో విశ్రాంతి, మంచి గాలి, తిండే ప్రధాన చికిత్స. ఇప్పుడు మందులకు లొంగే క్షయ సాధారణంగా ఆరు నెలల్లో నయమవుతుంది, ప్రభుత్వాసుపత్రిలో మందులు ఉచితం.

ఉబ్బసానికి పీల్చే మందే సరైన మందు. ‘పంపు (ఇన్‌హేలర్) అలవాటైతే మానలేం’ అనే భయంతో మాత్రలు మింగేవాళ్లు ఒక లెక్క చూడాలి. సాల్బుటమాల్ మాత్రలో 4 మిల్లీగ్రాములుంటే, పంపు ఒక నొక్కుకు వచ్చేది 100 మైక్రోగ్రాములు. అంటే నలభయ్యో వంతు. అదీ నేరుగా గాలి గొట్టాల్లోకే వెళుతుంది. అయితే వాడే తీరు కుదరాలి. ముందు ఊపిరి పూర్తిగా వదలాలి, నొక్కుతూ నెమ్మదిగా పీల్చాలి, పది సెకన్లు బిగబట్టాలి. స్టెరాయిడ్ పంపు అయితే తర్వాత నోరు పుక్కిలించాలి. డాక్టర్ దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ పంపు వెంట తీసుకెళ్లి, ఆయన ముందే ఒకసారి వాడి చూపించండి.