రక్తంలో రవ్వంత, ఎముకలో కిలో

"రక్తంలో కాల్షియం 9.4 వచ్చింది, ఇక ఎముకలకు ఢోకా లేదు." ఈ ధీమా చాలా ఇళ్లలో వింటుంటాం. ఆ అంకె నిజమే, దాన్నిబట్టి పెట్టుకున్న ధీమాయే తప్పు.

పెద్దవాళ్ల ఒంట్లో కాల్షియం సుమారు కిలో ఉంటుంది. అందులో 99 శాతం ఎముకల్లో, పళ్లలో ఫాస్ఫేట్‌తో కలిసి గట్టిపడి ఉంటుంది. రక్తంలో తిరిగేది అరగ్రాము కూడా ఉండదు. అందులోనూ దాదాపు సగం అల్బుమిన్ వంటివాటికి అంటిపెట్టుకుని ఉంటుంది. విడిగా తిరిగే మిగతా సగమే పనిచేసేది.

కానీ ఆ రవ్వంత లేకపోతే గుండె ఆడదు. 1883లో లండన్‌లో సిడ్నీ రింగర్ కప్ప గుండె మీద ప్రయోగాలు చేస్తుండగా, ఉప్పు ద్రావణాన్ని స్వేదనజలంతో కాక కుళాయి నీళ్లతో కలిపారు. గుండె చక్కగా కొట్టుకుంది. స్వేదనజలంతో కలిపితే కాసేపటికే నీరసించింది. కుళాయి నీళ్లలోని కాల్షియమే ఆ తేడాకు కారణం. ఎముక కాల్షియం కొరత ఏళ్లపాటు బయటపడదు. రక్తంలో బాగా తగ్గితే మాత్రం వేళ్లు కొంకర్లు పోతాయి, ఫిట్స్ కూడా రావచ్చు.

అందుకే శరీరం రక్తం వైపే మొగ్గుతుంది. థైరాయిడ్ వెనక బియ్యపు గింజంతేసి పారాథైరాయిడ్ గ్రంథులు సాధారణంగా నాలుగుంటాయి. రక్తంలో కాల్షియం కాస్త తగ్గిందంటే చాలు, అవి హార్మోన్ వదులుతాయి. మూత్రపిండాలు కాల్షియాన్ని బయటికి పోనివ్వవు. విటమిన్ డి చురుకై పేగులు ఎక్కువ పీల్చుకుంటాయి. ఎముక కరిగి లోటు పూడుస్తుంది. తిండిలో ఏళ్లతరబడి కాల్షియం చాలకపోయినా రిపోర్టులో 9.4 రావడం వెనక ఎముక చెల్లించిన మూల్యం ఉండవచ్చు. నెలసరి ఆగిపోయాక ఎముకలు గుల్లబారుతున్న ఆడవాళ్లలోనూ ఈ అంకె చాలామందికి మామూలుగానే ఉంటుంది. ఎముక సంగతి తేల్చేది డెక్సా స్కాన్. దానిలో టీ-స్కోరు -2.5 గానీ, అంతకన్నా తక్కువ గానీ వస్తే ఆస్టియోపోరోసిస్ అంటారు.

ఇంతకన్నా కలవరపెట్టేది దీనికి తలకిందులైన సంగతి. రక్తంలో 11.5 కనబడితే ఎముకలు దిట్టంగా ఉన్నాయని సంబరపడేవాళ్లున్నారు. పారాథైరాయిడ్ గ్రంథిలో గడ్డ పెరిగి హార్మోన్ అదుపు తప్పితే ఎముకలోంచి తోడుకున్న కాల్షియమే అలా రక్తంలో పోగుపడుతుంది. ఎముక పలచబడుతుంటుంది, మూత్రపిండాల్లో రాళ్లు కడుతుంటాయి. అలాంటి రిపోర్టు చూసి కాల్షియం బిళ్లలు మింగడం కాదు, పారాథైరాయిడ్ హార్మోన్ పరీక్ష ముందు చేయించాలి.